కడప బిడ్డ.. లండన్ లీన్.. ఒకే ఏడు పుట్టారు! ఆరేళ్లు మెగాఫోన్ పట్టని బీఎన్ రెడ్డి అసలు కథ

1908 మార్చిలో లండన్ పక్కనే ఉన్న క్రాయిడన్‌లో ఓ పిల్లాడు పుట్టాడు. పేరు డేవిడ్ లీన్. అదే ఏడాది నవంబర్ 16న కడప జిల్లా పులివెందుల తాలూకా కొత్తపల్లిలో ఇంకో పిల్లాడు పుట్టాడు. పేరు బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి.

మొదటాయన ఎవరో సినిమా పిచ్చి ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. లారెన్స్ ఆఫ్ అరేబియా తీసిన డైరెక్టర్. రెండో ఆయన్ని మనం బీఎన్ రెడ్డి అంటాం. మల్లీశ్వరి తీసిన డైరెక్టర్.

ఇద్దరూ ఎప్పుడైనా కలిశారా అంటే, ఈ స్టోరీ దాని గురించి కాదు. కానీ ఒక విషయం మాత్రం చూడండి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది 1945. ఆ ఏడాది జనవరిలో మద్రాసు నుంచి బీఎన్ సినిమా స్వర్గసీమ వచ్చింది. నవంబర్‌లో లండన్ నుంచి లీన్ సినిమా బ్రీఫ్ ఎన్‌కౌంటర్ వచ్చింది. రెండింటి కథా దాదాపు ఒకే చోట తిరుగుతుంది. చక్కగా సాగుతున్న సంసారం, మధ్యలో ఇంకో మనిషి మీద మనసు పడటం, ఇల్లు కూలిపోయే పరిస్థితి, చివరికి మళ్లీ ఇంటికే చేరడం. అక్కడ భార్య మనసు చలిస్తుంది. ఇక్కడ భర్త వెళ్లిపోతాడు. అంతే తేడా.

ఆ తర్వాత లీన్ వరసగా సినిమాలు తీసుకుంటూ పోయారు. 1946లో గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్, 1948లో ఆలివర్ ట్విస్ట్. మన బీఎన్ మాత్రం ఆరేళ్ల పాటు ఒక్క సినిమాకూ డైరెక్షన్ చేయలేదు. స్వర్గసీమ లాంటి హిట్ చేతిలో పెట్టుకుని, 37 ఏళ్ల వయసులో, ఎవరైనా అలా ఆగిపోతారా?

ఆగిపోలేదు. ఆయన వేరే పని పెట్టుకున్నారు. ఆ పని ఏంటి, దాని వల్ల ఆయన ఏం పోగొట్టుకున్నారు అన్నదే అసలు కథ.

ఉల్లిగడ్డల వ్యాపారం నుంచి టాకీల దాకా

బీఎన్ వాళ్లది రైతు కుటుంబం. మద్రాసులో ఉల్లిగడ్డల ఎగుమతి వ్యాపారం ఉండేది. సీమ నుంచి సరుకు వెళ్లేది, అక్కడి నుంచి ఓడెక్కి బర్మా వైపు పోయేది. అలా ఆ అన్నదమ్ములు చిన్న వయసులోనే మద్రాసు చేరారు. తమ్ముళ్లలో ఒకరు నాగిరెడ్డి. చందమామ పత్రిక, విజయా సంస్థ, మాయాబజార్ అంటే గుర్తొచ్చే బి.నాగిరెడ్డి ఆయనే. ఇంకో తమ్ముడు కొండారెడ్డి కెమెరామెన్ అయ్యారు. ఒకే ఇంట్లోంచి ముగ్గురు సినిమాల్లోకి రావడం ఇవాళ మామూలు విషయం. 1930ల్లో కడప జిల్లా పల్లె నుంచి వెళ్లి అలా చేయడం మామూలు విషయం కాదు.

అప్పటికి టాకీలంటే పురాణాలే. 1932లో హెచ్.ఎం.రెడ్డి తీసిన భక్త ప్రహ్లాదతో తెలుగు సినిమా మాట్లాడటం మొదలుపెట్టింది. తర్వాత ఆరేళ్లూ కిరీటాలు, గదలు, పద్యాలు. స్టేజీ నాటకాన్ని కెమెరా ముందు పెట్టి తీసినట్టే ఉండేవి చాలా సినిమాలు. 1938లో ఆ లెక్క మారింది. గూడవల్లి రామబ్రహ్మం మాలపిల్ల తీశారు. అదే ఏడాది హెచ్.ఎం.రెడ్డి రోహిణీ బ్యానర్‌లో గృహలక్ష్మి తీశారు. ఆ రోహిణీలోనే బీఎన్ సినిమా పని నేర్చుకున్నారు.

తర్వాత బయటికొచ్చి సొంత బ్యానర్ పెట్టారు. పేరు వాహినీ. డబ్బు పెట్టింది అనంతపురం జిల్లా తాడిపత్రికి చెందిన వ్యాపారి మూలా నారాయణస్వామి. తాడిపత్రికే చెందిన ఇంకో కుర్రాడు క్యాష్ లెక్కలు చూడటానికి వచ్చి చేరాడు. ఆ కుర్రాడే కె.వి.రెడ్డి. తర్వాత పాతాళ భైరవి, మాయాబజార్ తీసింది ఆయనే. కెమెరా, స్క్రీన్‌ప్లే పనికి రామ్‌నాథ్, ఆర్ట్ పనికి ఎ.కె.శేఖర్, మాటలకు సముద్రాల రాఘవాచార్య, హీరోగా చిత్తూరు నాగయ్య. టీమ్ చూడండి. డబ్బు, లెక్కలు, డైరెక్షన్ మూడూ సీమవే.

సినిమా భాషలో మన ప్రాంతాన్ని ఇప్పటికీ సీడెడ్ అంటారు కదా. ఫలానా సినిమా సీడెడ్‌లో ఇంత వసూలు చేసిందని మనమే రాస్తుంటాం. నిజాం 1800లో ఈ జిల్లాలను ఈస్ట్ ఇండియా కంపెనీకి రాసిచ్చేశాడు. అప్పుడు ఇంగ్లిష్‌వాళ్లు పెట్టిన పేరు అది. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని పేరు మార్చుకున్నారు. డిస్ట్రిబ్యూటర్లు మాత్రం ఇంకా మార్చుకోలేదు! సీడెడ్ అంటే సినిమా అమ్ముకునే ఏరియా అనే అనుకుంటాం. సినిమా తీయడం నేర్పిన ఏరియా కూడా అదే.

వాహినీ మొదటి సినిమా 1939లో వచ్చింది. పేరు వందేమాతరం. బ్రిటిష్ పాలనలో ఆ పేరు పెట్టడానికే గుండె ధైర్యం కావాలి. కథ మాత్రం రాజకీయం కాదు. చదువుకుని ఉద్యోగం దొరకని కుర్రాడు, కట్నం తేలేదని కోడల్ని తరిమేసే అత్త, మధ్యలో లాటరీ. ఇవాళ్టి సీరియల్‌లో కూడా పనికొచ్చే కథే. నాగయ్య, కాంచనమాల నటించారు. 1940లో సుమంగళి వచ్చింది, వితంతు వివాహం మీద. 1941లో దేవత వచ్చింది, పెద్దింటి కుర్రాడి చేతిలో మోసపోయిన పనిమనిషి కథ. మూడేళ్లలో మూడు సినిమాలు. ఒక్కదాంట్లోనూ దేవుడు ప్రత్యక్షం కాడు.

ఫిల్మ్‌కి రేషన్!

తర్వాత యుద్ధం మద్రాసు దాకా వచ్చింది. 1942లో జపాన్ బాంబులు వేస్తుందనే భయంతో జనం ఊరు ఖాళీ చేశారు. సినిమావాళ్లకు ఇంకో దెబ్బ ముడి ఫిల్మ్. అది విదేశాల నుంచే రావాలి. ఓడలు యుద్ధానికే సరిపోవడం లేదు. దాంతో ప్రభుత్వం సినిమా నిడివి 11 వేల అడుగులు దాటకూడదని రూల్ పెట్టింది. అంటే దాదాపు రెండు గంటలు. మూడు గంటల పైన సాగే పద్యాల సినిమాలకు అలవాటు పడిన ఇండస్ట్రీకి అది మామూలు కత్తెర కాదు. ఆ తర్వాత ఫిల్మ్ కావాలంటే లైసెన్స్ తీసుకోవాల్సి వచ్చింది.

బ్రిటన్‌లోనూ అదే పరిస్థితి. స్టూడియోల్లో సగానికి పైగా గోడౌన్లుగా, ఫ్యాక్టరీలుగా మారిపోయాయి. తీసే సినిమాలు తగ్గాయి. అయితే తీసినవి మెరుగుపడ్డాయి. డబ్బూ ఫిల్మూ తక్కువున్నప్పుడు అనవసరమైన సీను రాయరు కదా.

స్వర్గసీమ ఆ రేషన్ రోజుల్లోనే తయారైంది. నాగయ్య ఓ పత్రిక ఎడిటర్. బి.జయమ్మ ఆయన భార్య. రోడ్డు మీద పాటలు పాడుకునే అమ్మాయి ఆయన ప్రోత్సాహంతో పెద్ద స్టేజి స్టార్ అయిపోతుంది. ఆయన ఆమె వెనక పడి ఇల్లు వదిలేస్తాడు. ఆ అమ్మాయి భానుమతి. పెళ్లయ్యాక నటన మానేసి ఇంట్లో కూర్చున్న ఆమెను ఒప్పించి మళ్లీ కెమెరా ముందుకు తెచ్చింది బీఎన్. ఆ సినిమాలో ఆమె పాడిన పావురం పాటతో భానుమతి పేరు ఊరూరా మోగింది. మాటలు రాసింది చక్రపాణి. ఘంటసాల సినిమాలో మొదటిసారి ప్లేబ్యాక్ పాడింది కూడా ఇందులోనే. కెమెరా పట్టింది మార్కస్ బార్ట్‌లీ అనే ఆంగ్లో ఇండియన్. తర్వాత మాయాబజార్ వెన్నెల చూపించింది ఆయనే. ఒకే సినిమాలో ఎంతమందికి తలుపులు తెరుచుకున్నాయో చూడండి.

ఇక్కడో సరదా లింక్ ఉంది. వీధి గాయనిని పెద్దింటి నాగరికురాలిగా మార్చే ఆ ఆలోచన బెర్నార్డ్ షా నాటకం పిగ్మేలియన్ నుంచి వచ్చింది. ఆ నాటకాన్ని 1938లో బ్రిటన్‌లో సినిమాగా తీశారు. దానికి ఎడిటర్ ఎవరో తెలుసా? డేవిడ్ లీన్!

ఆరేళ్ల గ్యాప్‌లో జరిగింది ఇదీ

యుద్ధం ముగిసింది. బ్రిటన్‌లో జనం సినిమా హాళ్ల మీద పడ్డారు. 1946 ఒక్క ఏడాదిలో అక్కడ 160 కోట్లకు పైగా టికెట్లు తెగాయి. ఆ దేశంలో అది ఇప్పటికీ రికార్డే. దాంతో రాంక్ అనే పెద్ద కంపెనీ స్టూడియోలు, థియేటర్లు చేతిలో పెట్టుకుని హాలీవుడ్‌తో పోటీకి దిగింది. 1947లో ప్రభుత్వం అమెరికా సినిమాల మీద 75 శాతం పన్ను వేసింది. కోపం వచ్చిన హాలీవుడ్ సినిమాలు పంపడం ఆపేసింది. ఖాళీ నింపడానికి రాంక్ హడావుడిగా సినిమాలు తీసింది. 1948 మార్చిలో రాజీ కుదిరింది. అప్పటిదాకా ఆగిన అమెరికా సినిమాలన్నీ ఒక్కసారి వచ్చి పడ్డాయి. 1949కల్లా రాంక్ అప్పు 1 కోటి 60 లక్షల పౌండ్లు!

ఇక్కడెందుకు ఈ లెక్కలంటారా? సేమ్ అదే టైంలో మద్రాసులోనూ అందరికీ స్టూడియో కల పట్టింది. జెమినీ అప్పటికే ఉంది. ఏవీఎం 1948లో కోడంబాక్కం చేరింది. అదే ఏడాది జెమినీ చంద్రలేఖ తీసి దేశమంతా డప్పులు మోగించింది. బీఎన్, మూలా నారాయణస్వామి కలిసి వడపళనిలో వాహినీ స్టూడియో కట్టారు. అదీ 1948లోనే.

సినిమా తీసేవాడు స్టూడియో ఎందుకు కట్టాలి? బీఎన్ పద్ధతి తెలిస్తే ఆన్సర్ అదే దొరుకుతుంది. ఆయన నెమ్మదిగా తీస్తారు. సెట్టు తనకు నచ్చేదాకా కెమెరా కదలదు. సౌండ్ బాగా లేకపోతే మళ్లీ రికార్డింగ్. అద్దె స్టూడియోలో అలా కుదరదు. గంటకు గంట మీటర్ తిరుగుతుంటుంది. సొంత ఫ్లోరు ఉంటే మీటర్ ఆగుతుంది. ఆయన అనుకున్నది అది అని నాకనిపిస్తుంది. కానీ స్టూడియో అంటే కట్టడం ఒక్కటే కాదు. మిషన్లు, ల్యాబ్, జీతాలు, వడ్డీ. డైరెక్షన్ చేయాల్సిన మనిషి ఆఫీసు మనిషి అయిపోయారు.

ఈ లోపు వాహినీ బ్యానర్ మాత్రం ఖాళీగా లేదు. డైరెక్షన్ కె.వి.రెడ్డి చేతికి వెళ్లింది. అంతకుముందే ఆయన భక్త పోతన తీసి పేరు తెచ్చుకున్నారు. ఒంటిమిట్ట మాది, పోతన మావాడు అని మన జిల్లావాళ్లు వాదించే ఆ పోతనే. 1947లో యోగి వేమన. 1949 చివర్లో గుణసుందరి కథ. రాజుగారు ముగ్గురు కూతుళ్లను నా మీద ప్రేమ ఎంత అని అడుగుతాడు కదా, అది షేక్స్‌పియర్ కింగ్ లియర్ నుంచి వచ్చిన ఐడియా. జానపదం వేషంలో జనం ఎగబడి చూశారు.

1950లో మూలా నారాయణస్వామి చనిపోయారు.

అక్కడే అంతా తారుమారైంది. వాహినీ వెనక ఉన్న డబ్బు ఆయనదే. ఆయన పోయాక స్టూడియో బరువు మోయడం బీఎన్ వల్ల కాలేదు. స్టూడియో లీజుకు వెళ్లింది. తీసుకుంది ఎవరో కాదు, తమ్ముడు నాగిరెడ్డే. తర్వాత అది ఆయన సొంతమై విజయా వాహినీ స్టూడియోస్ అయింది. ఆసియాలోనే పెద్ద స్టూడియోల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. అన్న కల తమ్ముడి చేతిలో నిజమైంది అని చాలామంది రాస్తుంటారు. వినడానికి బాగుంటుంది. కానీ అన్న వైపు నుంచి చూడండి. ఆరేళ్ల జీవితం పెట్టి కట్టిన ఫ్లోరులో ఇక ఆయన కూడా పదిమందిలో ఒక డైరెక్టర్.

ఇది ఒక్క బీఎన్ కష్టం కాదు. యుద్ధం రోజుల్లో బ్లాకులో సంపాదించిన డబ్బు సినిమాల్లోకి వచ్చింది. ఆ డబ్బుతో కొత్త నిర్మాతలు స్టార్లను పెద్ద రేట్లకు లాగేశారు. నెల జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకునే పాత స్టూడియోలు తట్టుకోలేకపోయాయి. బాంబే టాకీస్, కలకత్తా న్యూ థియేటర్స్, పుణె ప్రభాత్ లాంటివి 1950ల మధ్యకల్లా చతికిలపడ్డాయి. బ్రిటన్ ప్రభుత్వం 1949లోనే సినిమాలకు అప్పులిచ్చే సంస్థ పెట్టింది. మన దగ్గర ఎస్.కె.పాటిల్ కమిటీ 1951లో అలాంటిది కావాలని రిపోర్టు ఇచ్చింది. సంస్థ వచ్చింది 1960లో. అప్పటిదాకా ఎవరి తిప్పలు వాళ్లవే.

ఒకే ఏడాది.. అన్నది ఒకటి, తమ్ముడిది ఒకటి

1951 తెలుగు సినిమాకు మామూలు ఏడాది కాదు. మార్చిలో నాగిరెడ్డి, చక్రపాణిల విజయా నుంచి పాతాళ భైరవి. డైరెక్టర్ కె.వి.రెడ్డి. డిసెంబర్ 20న బీఎన్ వాహినీ నుంచి మల్లీశ్వరి. రెండింటిలోనూ హీరో ఎన్టీఆరే. తోటరాముడి కత్తి ఒకవైపు, నాగరాజు ఉలి ఇంకోవైపు.

పాతాళ భైరవి దుమ్ము లేపింది. 1952లో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి దక్షిణాది నుంచి వెళ్లింది అదొక్కటే. మల్లీశ్వరి ఆ రేంజ్ హడావుడి చేయలేదు. నెమ్మదిగా ఎక్కింది. కానీ ఇవాళ ఎవరినైనా తెలుగులో బెస్ట్ సినిమాలు పది చెప్పమనండి. ఆ లిస్టులో మల్లీశ్వరి లేకపోతే నన్నడగండి.

బీఎన్‌కు హంపి అంటే పిచ్చి. ఆ శిథిలాలు చూసినప్పటి నుంచి రాయల కాలం మీద సినిమా తీయాలని మనసులో పెట్టుకున్నారు. బుచ్చిబాబు రాసిన నాటిక ఒకటి, ఇంగ్లిష్ పత్రికలో వచ్చిన కథ ఒకటి ఆధారంగా తీసుకున్నారు. మాటలు, పాటలు రాయడానికి సినిమా ముఖం చూడని దేవులపల్లి కృష్ణశాస్త్రిని పట్టుకొచ్చారు. సంగీతం సాలూరి రాజేశ్వరరావు. ఆర్ట్ శేఖర్.

కథ తెలియని కుర్రాళ్ల కోసం రెండు ముక్కల్లో. వీరాపురంలో బావ మరదళ్లు నాగరాజు, మల్లీశ్వరి. వానకు సత్రంలో తలదాచుకుంటే మారువేషంలో ఉన్న శ్రీకృష్ణదేవరాయలు, అల్లసాని పెద్దన ఆమె ఆటపాటలు చూస్తారు. ఎవరో తెలియక నాగరాజు నవ్వులాటకు, మల్లికి రాయలవారి పల్లకి పంపించమంటాడు. ఆ మాట నిజమవుతుంది. బావ డబ్బు సంపాదించడానికి ఊరు వదిలి వెళ్లినప్పుడు పల్లకి వచ్చి వాకిట్లో ఆగుతుంది. రాణివాసంలోకి వెళ్లిన పిల్ల బయటికి రాదు. బయటివాడు లోపలికి వెళ్తే తల పోతుంది. బావ శిల్పి అవుతాడు, చెక్కిన ప్రతి రాతిలో మల్లి ముఖమే వస్తుంది.

చాలామంది దీన్ని రాయల వైభవం చూపించిన సినిమా అంటారు. నేను ఒప్పుకోను. జాగ్రత్తగా చూడండి. అందులో రాయలు చెడ్డవాడు కాదు, దయ ఉన్నవాడు. కళ తెలిసినవాడు. అయినా ఆయన ఇష్టపడి ఇచ్చిన బహుమతే ఒక పల్లెటూరి జంట బతుకు కూల్చేసింది. పాలించేవాడి మెప్పు కూడా పేదవాడికి ప్రమాదమే అని చెప్పిన సినిమా అది. స్వతంత్రం వచ్చి ఐదేళ్లు కూడా కాని దేశంలో, ఓ సీమ మనిషి, సీమను ఏలిన రాజు మీద ఆ కథ చెప్పాడు. ఎక్కడా గొంతు పెంచకుండా చెప్పాడు. అందుకే మనకు ముందు పాటలే వినిపిస్తాయి.

పెద్దన అంటే గుర్తొచ్చింది. ఆయనకు రాయలు ఇచ్చిన అగ్రహారం కోకటం మన కడప జిల్లాలోనే, కమలాపురం దగ్గరే ఉంది.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. సినిమాలో రతనాలు రాశులు పోసిన రాయల రాజ్యం ఆడుతున్న ఆ రోజుల్లోనే నిజం రాయలసీమలో గంజి కేంద్రాలు నడుస్తున్నాయి. కరువు అంత ఘోరం. 1952లో ఎన్టీఆర్, తోటి నటులు ఊరూరా తిరిగి సీమ కరువు కోసం చందాలు వసూలు చేశారు. మల్లీశ్వరిని చూసిన కర్నూలు, కడప జనం తెర మీద ఆ తోటలు, ఆ వాన చూసి ఏమనుకుని ఉంటారో!

1953లో చైనా సబ్‌టైటిల్స్‌తో మల్లీశ్వరి పెకింగ్‌లో రిలీజ్ అయింది. పాన్ ఇండియా అని ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటున్నాం కానీ, కడప డైరెక్టర్ సినిమా 70 ఏళ్ల కిందటే చైనా వెళ్లింది.

కర్నూలు రాజధాని.. సినిమా మాత్రం మద్రాసులోనే

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. కర్నూలు రాజధాని అయింది. గుడారాల్లో ఆఫీసులు నడిచిన రోజులవి. రాజధాని వచ్చింది కానీ సినిమా రాలేదు. కెమెరాలు, ల్యాబులు, ఫ్లోర్లు అన్నీ మద్రాసులోనే ఉండిపోయాయి. వాటిలో పెద్దది సీమవాళ్లు కట్టిందే.

ఆ టైంలో బీఎన్ తీసింది బంగారు పాప. 1955లో వచ్చింది. జార్జ్ ఎలియట్ రాసిన ఇంగ్లిష్ నవల సైలస్ మార్నర్ ఆధారం. లీన్ డికెన్స్‌ను తెరకెక్కిస్తుంటే మన బీఎన్ ఎలియట్‌ను తెలుగు పల్లెకు తీసుకొచ్చారు. లోకం మీద కసి పెంచుకున్న కోటయ్య అనే మొరటు మనిషికి ఒక రాత్రి దిక్కులేని పసిపాప దొరుకుతుంది. ఆ పాపే అతన్ని మనిషిని చేస్తుంది. కోటయ్యగా ఎస్వీ రంగారావు. మాంత్రికుడు, కీచకుడు అని గుర్తుపెట్టుకున్న ఎస్వీఆర్‌ను ఒక్కసారి ఇందులో చూడండి. అప్పటికే గాలివాన కథతో ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి కొట్టిన పాలగుమ్మి పద్మరాజును సినిమాకు తెచ్చింది కూడా ఇదే. కెమెరా తమ్ముడు కొండారెడ్డి. జాతీయ అవార్డుల్లో తెలుగు ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి వెండి పతకం వచ్చింది. డబ్బులు మాత్రం పతకాలంత సులువుగా రాలేదు.

తర్వాతి సినిమాల మీద ఎక్కువసేపు ఆగక్కర్లేదు. 1957లో భాగ్యరేఖ, 1960లో రాజమకుటం, 1964లో పూజాఫలం. రాజమకుటం జానపదం. బీఎన్ కత్తియుద్ధాల సినిమా తీయడమేంటి అని అప్పుడూ అనుకున్నారు, ఇప్పుడు చూసినా అలాగే అనిపిస్తుంది. మార్కెట్ కోసం చేసిన పని అది. పూజాఫలంలో అక్కినేని మెత్తటి నటన బాగుంటుంది.

58 ఏళ్ల వయసులో ఆయన మళ్లీ లేచారు. 1966లో రంగుల రాట్నం. పెద్ద స్టార్లు లేరు. పల్లెలో ఆస్తి పోగొట్టుకుని పట్నం చేరిన కుటుంబం, అన్నదమ్ములు ఎన్నికల్లో ఒకరికొకరు ఎదురు నిలబడటం. అన్నదమ్ముల మధ్య పోటీ అనే కథ ఆయన ఎందుకు ఎంచుకున్నారో నేను ఊహించి చెప్పలేను. దానికీ జాతీయ అవార్డుల్లో తెలుగు ఉత్తమ చిత్రం గౌరవం దక్కింది. ఆ సినిమాతోనే చంద్రమోహన్ అనే కొత్త కుర్రాడు పరిచయమయ్యాడు. 1969లో శోభన్‌బాబు, వాణిశ్రీలతో బంగారు పంజరం. అదే ఆఖరు.

లెక్క వేస్తే 30 ఏళ్లలో 11 సినిమాలు. ఇప్పుడు కొందరు హీరోలు మూడేళ్లకొకటి చేస్తుంటే ఫ్యాన్స్ గోల పెడుతున్నారు. బీఎన్ రేటు కూడా అదే!

1974 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఆయనకు ఇచ్చారు. దక్షిణాది సినిమాకు ఫాల్కే రావడం అదే మొదటిసారి. పద్మభూషణ్ కూడా అందుకున్నారు. 1977 నవంబర్ 8న మద్రాసులో చనిపోయారు. ఇంకో ఎనిమిది రోజులైతే 69 నిండేవి. తమ్ముడు నాగిరెడ్డికి 1986 సంవత్సరానికి ఫాల్కే వచ్చింది. ఒకే ఇంట్లో రెండు ఫాల్కేలు.

వడపళనిలో ఆ స్టూడియో ఇప్పుడు లేదు. ఆ స్థలంలో ఆస్పత్రి, మాల్ వచ్చాయి. మాల్‌లో మల్టీప్లెక్స్ ఉంది, సినిమాలు ఆడుతూనే ఉన్నాయి.

ఇక ఈ వీకెండ్ ఫోన్‌లో ఏదైనా చూద్దామనుకుంటే, మల్లీశ్వరి చాలామంది చూసే ఉంటారు కాబట్టి రంగుల రాట్నంతో మొదలుపెట్టండి. బీఎన్ తెరకు తెచ్చిన ఆ కుర్రాడు చంద్రమోహన్ 2023 నవంబర్ 11న హైదరాబాద్‌లో కన్నుమూశారు.